గింజ పండిన చోటు

మార్చి 6

వదినా,

నువ్వు కుట్టి పంపిన కోటు అందింది. ఆరు జేబులు! "ఇన్ని జేబులు పెట్టించుకునేది కండక్టర్లూ నువ్వూనే" అని చీటీ కూడా పెట్టావు. పొద్దున అది వేసుకుని నర్సరీకి వెళ్తే కొత్త కాపలాదారు నన్ను ఎవరో తనిఖీకి వచ్చిన ఆఫీసరనుకుని సెల్యూట్ కొట్టాడు. తర్వాత మొహం చూసి నాలిక కరుచుకున్నాడు.

ఇక్కడ చిగుళ్ళు మొదలయ్యాయి. ఏటా ఈ రోజుల్లో నాకు తిండి మీద ధ్యాస ఉండదని తెలుసుగా. నువ్వు వచ్చి చూసిన తోటే ఇది. అన్నీ ఒకే జాతి పైన్ చెట్లు, గింజలు మాత్రం తలో చోటివి. ఎండ మాడ్చే నేలల నుంచి కొన్ని, చలి కొండల నుంచి కొన్ని, ఈ కొండవే కొన్ని. రాబోయే ఎండలను ఏవి తట్టుకుంటాయో చూడాలని అన్నిటినీ పక్కపక్కన నాటాం. గింజ ఎక్కడిదన్న సంగతి నేను మా పుస్తకాల భాషలో ఊదరగొడుతుంటే, "అంటే పుట్టిల్లన్నమాట, ఈ తోట మెట్టినిల్లు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు ఆ రోజు. అప్పటి నుంచి మా వాళ్ళందరికీ అదే మాట. మా పెద్దాఫీసరు కూడా మీటింగులో "ఈ వరస పుట్టిల్లు ఏది మేడమ్?" అని గంభీరంగా అడుగుతాడు.

ఈ ఏడు కూడా వేడి నేల చెట్లు తొందరపడ్డాయి. చలి ఇంకా పోనేలేదు, ఇవి అప్పుడే చిగుర్లేసి కూర్చున్నాయి. మళ్ళీ మంచు పడితే ఆ చిగుర్లన్నీ మాడిపోతాయి. పిచ్చుక పసిపిల్లగా మీ ఇంటికి వచ్చిన ఏడే కదూ వీటిని నాటాను! దాని ఈడువే. ఇన్నేళ్ళు మా మట్టిలో కంటికి రెప్పలా పెంచుకున్నా పుట్టింటి లెక్క మరిచిపోలేదు. ఎంత పెంచితే ఏం వదినా, ఎక్కడి గింజది అక్కడి బుద్ధే. ఒక్కోసారి విసుగేస్తుంది.

పిచ్చుక పరీక్షలకు చదువుతోందా, పుస్తకం మీద తల పెట్టుకుని నిద్రపోతోందా? అన్నయ్యను బస్సు నెమ్మదిగా నడపమను.

ఆరు జేబుల
నీ ఆడపడుచు


మార్చి 14

ఆడపడుచు గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. కోటు సరిపోయినందుకు సంతోషం.

మీ అన్నగారు మీతో ఎప్పుడు మాట్లాడారో, ఏం చెప్పారో నాకు తెలియదు. ఇంట్లో నోరు విప్పని మనిషికి చెల్లెలి దగ్గర మాత్రం మాటలొస్తాయి కాబోలు. చెబితే చెప్పారు. అనేదేదో మీరు నాతో సూటిగా అనాల్సింది.

పిచ్చుకను పది నెలల పిల్లగా అనాథాశ్రమం నుంచి తెచ్చుకున్నామని ఈ ఇంట్లో ఎవరికీ దాపరికం లేదు. దానికసలే లేదు. అన్నం కలిపి పెడుతూ కథలా చెప్పాను, అది మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది. పెద్దయ్యాక అడగడం మానేసింది. నేను హమ్మయ్య అనుకున్నాను.

పోయిన ఆదివారం స్కూలు యూనిఫాంల గుడ్డ కత్తిరిస్తున్నాను. ఎదురుగా వచ్చి కూర్చుని, "అమ్మా, పరీక్షలయ్యాక ఒకసారి ఆ ఊరు చూసొస్తానే" అంది. ఏ ఊరని నేను అడగలేదు. కత్తెర ఎటు పోయిందో తెలియదు. ఎవరి పిల్లాడిదో పాపం, లాగూకి ఒక కాలు పొట్టిదైపోయింది.

సరిగ్గా ఆ వారమే మీ ఉత్తరం వచ్చింది. "ఎంత పెంచితే ఏం, ఎక్కడి గింజది అక్కడి బుద్ధే." దాని ఈడువే అని కూడా రాశారు, నాకు అర్థం కాకుండా పోతుందేమోనని. నేను మిషన్ తొక్కుకునేదాన్నే గాని, చెట్ల మీద పెట్టి అన్న మాట ఎవరి గురించో తెలియనంత మొద్దును కాను. పుట్టిల్లన్న మాట మీకు ఇచ్చింది నేనే. దాన్నే తిప్పి నాకు వడ్డించారు.

ఇకపై జేబులు మీరే కుట్టించుకోండి.

ఇట్లు,
మీ అన్నగారి భార్య


మార్చి 21

వదినా, వదినా, వదినా,

నీకు పుణ్యముంటుంది, ముందు ఆ "గారు" తీసెయ్. అది చూసి ఇంటికి ఎవరో కొత్తవాళ్ళ ఉత్తరం వచ్చిందేమోనని కవరు మళ్ళీ తిప్పి చూసుకున్నాను.

నాకేమీ తెలియదు. పిచ్చుక అలా అడిగిందని నీ ఉత్తరం చూసేదాకా తెలియదు. అన్నయ్య ఫోన్ చేస్తే ఏం మాట్లాడతాడో నీకు తెలియనిదా? "బాగున్నావా? బాగున్నాం. వానలు? సరే, ఉంటా." అంతే. అందులో ఇంత సంగతి ఎక్కడ ఇముడుతుంది? పైగా ఈ కొండ మీద ఉన్న ఒక్క ఫోనూ ఆఫీసు వరండాలో ఉంది. నేను తగ్గు స్వరంతో మాట్లాడితే టైపిస్టు టైపు ఆపి మరీ వింటాడు. అందుకే కదా మనం ఈ కాలంలో కూడా కాగితాలు పట్టుకుని కూర్చున్నాం.

నేను రాసింది చెట్ల గురించి. ఒట్టి చెట్ల గురించి. నాకు వేరే ధ్యాస ఎక్కడుంది? ఎదుటివాళ్ళకు ఎక్కడ తగులుతుందో చూసుకోకుండా మాట్లాడతానని నువ్వే కదా ఎప్పుడూ తిడతావు. ఇప్పుడూ అంతే జరిగింది. నీ మనసు కష్టపెట్టాను, అందుకు చాలా బాధగా ఉంది.

నీకో సంగతి చెప్తాను. దీన్ని ఇంకా మా ఆఫీసరుకు కూడా చెప్పలేదు. కొన్నేళ్ళ కిందట చలికొండ తల్లి చెట్ల నుంచి కొమ్మలు తెచ్చి అంట్లు కట్టాం. సగం అంట్లను పైన చలిలోనే ఉంచాం, సగం కింద వేడి తోటలో పెంచాం. పుప్పొడి కూడా మేమే తెచ్చి అద్దాం. అంటే తల్లీ ఒకటే, తండ్రీ ఒకటే, గింజ పండిన చోటు మాత్రం వేరు. ఆ గింజలన్నీ మా నర్సరీలో ఒకే మట్టిలో, ఒకే నీడలో మొలిపించాం. పోయిన చలికాలం ముందు ఏం జరిగిందో తెలుసా? పైన పండిన గింజల మొక్కలు చలి వస్తోందని ముందే ముడుచుకుని పడుకున్నాయి. కింద పండిన గింజల మొక్కలు, వేడి నేల బిడ్డల్లాగే, ఇంకా పెరుగుతూ కూర్చున్నాయి! ఒకే తల్లి పిల్లలు వదినా. నెత్తురు మారలేదు. అయినా కాస్త కాలం ఉన్న ఆ వేడి చోటు వాటికి గుర్తుంది.

అన్ని తల్లుల పిల్లల లెక్కా ఇంకా తేలలేదు. ఈ వసంతం చిగుళ్ళు కూడా చూడాలి. కానీ నీకు చెప్పకుండా ఉండలేకపోయాను. పెరిగిన చోటు ముద్ర అంత తేలిగ్గా పోయేది కాదు.

నీది కాదనడానికి ఎవరికీ వీల్లేని పిల్లకు అత్తను,
నీ ఆడపడుచును


ఏప్రిల్ 2

చెట్ల పిల్లా,

పోనీలే, క్షమించేశాను. జేబులు కూడా కుడతాను. అయినా "బుద్ధి" లాంటి మాటలు ఇంకెప్పుడూ చెట్లకు వాడకు. చెట్లకు బుద్ధేమిటి?

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదువుకున్నానో! ఇస్త్రీ చేస్తూ చదివాను, గుండీలు కుడుతూ చదివాను. పక్కింటావిడకు చదివి వినిపించాను. ఆవిడ "మీ ఆడపడుచు అంత చదువుకున్నదా!" అని ముక్కున వేలేసుకుంది. నా గుండెల మీద బండ దింపేశావే తల్లీ. ఒకే నెత్తురైనా పెరిగిన చోటే లెక్క అని నువ్వు కళ్ళారా చూశావు. ఇంతకంటే ఏం కావాలి నాకు?

అన్నాలప్పుడు పిచ్చుకకు గట్టిగా చదివి వినిపించాను. "చూశావా, మీ అత్తే చెబుతోంది. ఆ ఊళ్ళో నీకు చూడాల్సింది ఏముంది? నీదంతా ఇక్కడే ఉంది" అన్నాను. అది వింటూ వింటూ ముద్ద కంచంలోనే వదిలేసి లేచింది. ఎదురు చెబుతుందనుకున్నాను, చెప్పలేదు. చెబితే బాగుండేది. మీ అన్నయ్య కంచాలన్నీ తీసుకెళ్ళి కడిగాడు. పెళ్ళయిన దగ్గర నుంచి ఆయన గిన్నె ముట్టగా నేను చూడలేదు.

అప్పటి నుంచి అది నాతో అవసరానికి మాట్లాడుతోంది. "అమ్మా, తాళం ఎక్కడ?" "అమ్మా, నీళ్ళు రావట్లేదు." కానీ టిక్కెట్టు కొనలేదు, అది చాలు నాకు. నర్సు చదువు పూర్తవగానే ఇక్కడి పెద్దాసుపత్రిలోనే చేరుతుంది. మెల్లగా ఆ ఆలోచన పోతుంది.

నువ్వు ఒక పని చెయ్యాలి. దానికి విడిగా ఒక ఉత్తరం రాయి. నేను చదివితే నా నోట్లో ఆ చెట్ల మాటలకు అంత విలువ ఉండదు. నువ్వు సైంటిస్టువి, నువ్వంటే దానికి చిన్నప్పటి నుంచీ గురి. వెళ్ళాల్సిన అవసరం లేదని నీ చేత్తో నాలుగు ముక్కలు రాస్తే అక్కడితో ఈ గొడవ సద్దుమణుగుతుంది.

ఎదురుచూస్తుండే
వదిన


ఏప్రిల్ 20

వదినా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది కూడా చింపేస్తే ఇంక రాయనని తెలిసి పోస్టుమాన్‌ను వరండాలో కూర్చోబెట్టి మరీ రాస్తున్నాను. పాపం అతను గడియారం చూసుకుంటున్నాడు.

ముందు చెట్ల సంగతి. చిగుళ్ళు వచ్చాయి, మిగతా తల్లుల పిల్లల లెక్క కూడా తేలింది. నేను నీకు చెప్పింది కొన్ని తల్లుల పిల్లల్లో నిజమే, స్పష్టంగా కనబడుతోంది. మరి కొన్ని తల్లుల పిల్లల్లో బొత్తిగా లేదు. గింజ ఎక్కడ పండినా అవి పుట్టిల్లు చెప్పినట్టే నడుచుకుంటున్నాయి. అంటే రెండూ ఉన్నాయి వదినా. ఏది ఎంత అని అడిగితే, నేను రిటైరయ్యేలోగా చెప్పగలనని కూడా అనుకోవడం లేదు. నీ బాధ చూసి తట్టుకోలేక, సగం ఉడికిన దాన్ని తెచ్చి నీ కంచంలో పెట్టాను. నువ్వు దాన్ని పిల్ల కంచంలో పెట్టావు.

ఇక రెండో సంగతి. పిచ్చుక ఆఫీసుకు ఫోన్ చేసింది. టైపిస్టును టీకి పంపి మాట్లాడాను. ఆ ఊరు గురించి ఒక్క ముక్క అడగలేదు. చెట్ల గురించి అసలే అడగలేదు. "అత్తా, నేను వెళ్తే అమ్మ అన్నం తింటుందా?" అని అడిగింది. అంతే అడిగింది. ఆ తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాత్రం వినబడింది.

నేను వెళ్ళమన్నాను వదినా. అమ్మ తినదు, రెండు రోజులు పస్తుంటుంది, మీ నాన్న గిన్నెలు కడుగుతాడు, అయినా వెళ్ళి రమ్మన్నాను. నువ్వు రాయమన్న ఉత్తరం నేను రాయలేను. నేను రాస్తే అది ఆగిపోతుంది, నాకు తెలుసు. కానీ నా మాట పట్టుకుని ఆగిన పిల్ల నీ ఎదుట ఉండీ లేనట్టే ఉంటుంది.

కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను.

నీ ఆడపడుచు


మే 5

ఆడపడుచు గారికి,

మీరు వెళ్ళమన్నారు. నిన్న తెల్లారుతూనే వెళ్ళింది. చిన్న సంచీ ఒకటి తీసుకెళ్ళింది. స్టాండు దాకా మీ అన్నగారు దిగబెట్టారు. నేను గుమ్మం దాకా రాలేదు.

పిల్లకు ఒక మాట చెప్పేముందు తల్లి ఏమైపోతుందో అనుకోవాలి. మీకు అది తెలియదు. తెలిసే అవకాశం లేదు. మీరు కనలేదు, పెంచలేదు. మొక్కలు పెంచారు, ఒకటి చస్తే ఇంకోటి నాటుకున్నారు.

ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.


మే 12

వదినా,

నీ ఉత్తరం చదివి కోటు విప్పేసి కొక్కేనికి తగిలించాను. ఆ రోజు ఇంక తోటలోకి వెళ్ళలేదు. ఆ మాట తగలలేదని అబద్ధం రాయను. బాగా తగిలింది.

నేను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో నిచ్చెన వేసుకుని ఎత్తు చెట్లెక్కి కాయలు కోస్తుంటే కింద గార్డులు నవ్వేవాళ్ళు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు నా చేతులకు అంటిన జిగురు చూసి వెళ్ళిపోయారు. నువ్వు ఆ జిగురు కిరసనాయిలుతో తుడుస్తూ, "పోతే పోనీ, చేతులు చూసి పోయినవాడు మనకెందుకు" అన్నావు. నాకు పిల్లలు లేరన్నది అందరికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆ మాట నీ చేత్తో రాస్తావని ఎప్పుడూ అనుకోలేదు.

ఒకటి చస్తే ఇంకోటి నాటుకున్నానన్నావు. కింద లోయ వైపు వాలు చూశావుగా, మూడేళ్ళ ఎండలకు ఈ కొండ సొంత చెట్లు అక్కడ వరసగా ఎండిపోయాయి. పుట్టి పెరిగిన చోటే వాటికి పరాయిదైపోయింది. ఎండిన ఒక్కో చెట్టు కిందా నిలబడి ఏడ్చినదాన్నే నేను. అక్కడ మళ్ళీ ఏ గింజ నాటాలో తేల్చడానికి మొన్న పై ఆఫీసు నుంచి మనుషులు వచ్చారు. ఈ కొండ గింజా, బయటి గింజా అని అడిగారు. రెండూ కలిపి నాటండి, చలికొండవి, వేడి నేలవి, ఇక్కడివి, అన్నీ వెయ్యండి అన్నాను. "ఒక్క మాటలో చెప్పండి మేడమ్" అన్నాడు పెద్దాయన. "ఒక్క మాటలో చెప్పగలిగితే నేను ఇన్నేళ్ళు ఈ కొండ మీద ఎందుకుంటాను?" అన్నాను. మొహం మాడ్చుకున్నాడు గాని, రాసుకున్నాడు. ఏవి నిలబడ్డాయో చూసేవాళ్ళు ఇంకా పుట్టలేదు. నేనెలాగూ చూడను. అయినా నాటాలి కదా.

పిచ్చుక సంగతి ఒక్కటి చెప్పి ఆపేస్తాను. నాకు పిల్లలు లేరు, నిజమే. కానీ "అమ్మ అన్నం తింటుందా" అని అడిగే పిల్ల వదిలి వెళ్ళిపోయేది కాదని తెలియడానికి కననక్కర్లేదు, పెంచనక్కర్లేదు. ఫోన్లో ఆ గొంతు వింటే చాలు.

నువ్వు తింటున్నావా?

నీ ఆడపడుచు


మే 19

చెట్ల పిల్లా,

తింటున్నాను. మీ అన్నయ్య చేసిన వంట కాబట్టి ఆకలి తీరేంత మాత్రమే తింటున్నాను.

పోయిన ఉత్తరంలో నేనొక మాట రాశాను. అది నాది కాదని ఎలా అంటాను, అక్షరాలు నావే. ఆ కాగితం నీ దగ్గరుంటే పొయ్యిలో పడెయ్. నీ జిగురు చేతులు నా చేతుల్లో పెట్టుకుని తుడిచినదాన్ని, నేనే ఆ మాట అన్నానంటే నాకే సిగ్గుగా ఉంది. నన్ను తిట్టాలనిపిస్తే బాగా తిట్టు. "మీరు" అని మాత్రం అనకు.

పిచ్చుక వచ్చేసింది. నేను మిషన్ మీద ఉన్నాను. చెప్పులు విప్పిన చప్పుడు విన్నాను గాని తల ఎత్తలేదు, తొక్కుతూనే ఉన్నాను. దాన్ని ఏమేం అడగాలో, ఏమేం అనాలో అన్నీ పేర్చి పెట్టుకున్నాను. అది వచ్చి నా కాళ్ళ దగ్గర పీలికల్లో కూర్చుంది. నేను దారం తెంపాను.

ఆ ఆశ్రమం ఎప్పుడో ఎత్తేశారట. ఆ మేడలో ఇప్పుడు పళ్ళ డాక్టరు ఉన్నాడు. ఇది లోపలికి వెళ్తే అక్కడి అమ్మాయి "ఏం కావాలి?" అని అడిగిందట. ఏం చెప్పాలో తోచక పన్ను నొప్పి అని చెప్పి కూర్చుందట, మన తెలివైన పిల్ల. డాక్టరు నోరంతా చూసి, "ఒక్క పన్ను కూడా పుచ్చలేదమ్మా, చిన్నప్పుడు ఎవరో దగ్గర కూర్చుని తోమించినట్టున్నారు" అన్నాడట. అది చెబుతూ నవ్వింది. నేను నవ్వబోయి ఏడ్చేశాను.

"చూశావుగా, ఇంక మనసు కుదుటపడిందా?" అన్నాను. కాస్త ఎత్తిపొడుపుగానే అన్నాను, నీ దగ్గర దాపరికమెందుకు.

"ఏం చూశానే? అంతా గోడలే" అంది. "పైకీ కిందికీ తిరిగాను. ఏ గదో తెలియలేదు. నన్నెక్కడ ఎత్తుకున్నావో నాకు గుర్తుంటుందా? అక్కడ నన్ను ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. నీకే తెలుసు కదమ్మా. నువ్వు రాకపోతే నాకు ఎవరు చూపిస్తారు?"

ఇన్ని నెలలు ఆ ఊరు నా పిల్లను లాక్కుపోతుందని భయపడి చచ్చాను. నీతో తగవు పడ్డాను, దాన్ని ఏడిపించాను. తీరా చూస్తే ఆ ఊళ్ళో దానికి తెలిసిన మనిషి ఎవరంటే నేనేనట!

గురువారం వెళ్తున్నాం. మీ అన్నయ్య సెలవు పెట్టాడు. తనకు బస్సులో వెనక కూర్చోవడం చేతకాదు, దారి పొడుగునా డ్రైవరుకు సలహాలిచ్చి నా పరువు తీస్తాడు. నువ్వు కూడా కొండ దిగి వస్తే బాగుంటుంది. మధ్యలో ఎక్కు, నీకు కిటికీ పక్క సీటు ఇస్తాను.

మెట్లెక్కాక ఎడమ చేతి వైపు రెండో గది. ఆ రోజు కిటికీకి తెరలు లేవు, మొహం మీద ఎండ పడుతుంటే ఇది కళ్ళు చికిలించి చూస్తోంది. ఆయా తెచ్చి నా చేతుల్లో పెట్టింది. నేను ఎటు పట్టుకోవాలో తెలియక బిక్కచచ్చిపోయాను. ఇదే నా మెడ పట్టుకుంది.

పిచ్చుక వాళ్ళమ్మ